తలుపుకు ఇవతలి పళ్ళెం

నిన్న మధ్యాహ్నం మా మనవరాలు ఒక చేత్తో అన్నం పళ్ళెం, ఇంకో చేత్తో లాప్‌టాప్ పట్టుకుని మెట్లెక్కుతుంటే, కింద కూర్చుని తినమన్నాను. "మీటింగ్ ఉంది అమ్మమ్మా, రూమ్‌లో తింటా" అని వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ పిల్లను ఒక్కదాన్నే అనడానికి లేదు, మా అమ్మాయీ అంతే, అల్లుడూ అంతే, ఎవరి పళ్ళెం వాళ్ళ గదిలోకి వెళ్ళిపోతుంది. మోజుపడి కొన్న పెద్ద భోజనాల బల్ల మీద ఇప్పుడు ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న వస్తువుల అట్టపెట్టెలే కూర్చుంటాయి. వాటిని మడిచి దాచేది నేనేననుకోండి, మంచి అట్ట పారేస్తే నాకు నిద్ర పట్టదు. ఆ మూసిన తలుపు చూస్తే, ఒంటరిగా తప్ప తినడానికి వీల్లేని ఒక మనిషి గుర్తొచ్చాడు. ఆయన నైజీరియా దేశంలో యోరుబా జాతివాళ్ళ ఊరొకదానికి రాజు. ఒకప్పుడు మా వంటింట్లో నేల మీద కూర్చుని సంగటి తిన్నవాడు.

ఈ మనవరాలు పుట్టిన కొత్తల్లో నేను అమెరికాలో డెట్రాయిట్ పక్కనున్న ఈ నోవై ఊరికి వచ్చాను. అప్పటికి ఈ ఇల్లు లేదు, అద్దె అపార్ట్‌మెంటు. మా గుమ్మానికి ఎదురు గుమ్మంలో ఒక యోరుబా ఆవిడ ఉండేది, నాకంటే కాస్త పెద్దది, వృద్ధుల హోమ్‌లో పని చేసేది. ఆవిడను నేను అక్కా అనే పిలిచేదాన్ని, ఆవిడా పలికేది. నేను బడికి వెళ్ళింది మూడో తరగతి దాకానే కాబట్టి నా ఇంగ్లీషు ఎంతో మీకు చెప్పనక్కర్లేదు, సగం మాటలు చేతులతో, మిగతా సగం మా అమ్మాయి చేత చెప్పించుకునేదాన్ని. తల్లి పోతే ఆవిడే ఒక్కగానొక్క తమ్ముణ్ణి తన వీపున కట్టుకుని పెంచిందట. నాకూ చిన్నప్పటి నుంచీ తల్లి లేదు కనుక ఆ ఒక్క సంగతితోనే మాకు కలిసిపోయింది.

ఆ తమ్ముడు నైజీరియాలో వాళ్ళ రాష్ట్రానికి శాసనసభ్యుడు. ఏటా వేసవిలో అక్కను చూడటానికి వచ్చి, డెట్రాయిట్ చుట్టుపక్కల ఉన్న తమ ఊరివాళ్ళనందరినీ కలిసి, మీ మీ చుట్టాలకు ఫోన్ చేసి నాకు ఓటెయ్యమనండి అని చెప్పి వెళ్ళేవాడు. అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ జవాబు చెప్పేవాడు. మాది అనంతపురం వైపు కదా, ఒకరోజు నేను రాగి సంగటి ముద్దలు చేస్తుంటే గుమ్మంలోంచి చూసి, ఇది మా అమలా కదా అంటూ లోపలికొచ్చేశాడు. వాళ్ళు ఎండబెట్టిన కందపిండితో అచ్చం అలాంటి నల్లటి ముద్దే చేసుకుంటారట, అందులోకి జిగురు జిగురుగా బెండకాయ కూరట. ఆరోజు నుంచి వచ్చినప్పుడల్లా సంగటి మా ఇంట్లోనే. అక్కాతమ్ముళ్ళిద్దరూ ఒకే పళ్ళెంలో తినేవాళ్ళు, అంత మనిషికీ మొదటి ముద్ద అక్క పెట్టాల్సిందే.

ఎన్నికలప్పుడు వాళ్ళవైపు అభ్యర్థి బొమ్మ, పార్టీ గుర్తు అచ్చేసిన గుడ్డలు పంచుతారట. మిగిలిపోయిన తానొకటి తెచ్చి అక్క ఇంట్లో పడేస్తే, మంచి నూలుగుడ్డ పాడు చెయ్యడమెందుకని నేను సంచులు కుట్టాను. ఒక సంచిలో కందిపప్పు, ఒక దాంట్లో చింతపండు, అన్నిటి మీదా ఆయన మొహం నవ్వుతూ ఉండేది. చింతపండు సంచి చూసి, మామా, నన్ను మా ప్రతిపక్షంవాళ్ళు కూడా ఇంత పుల్లగా చూడలేదు అన్నాడు. నన్ను మామా అనేవాడు, వాళ్ళలో పెద్ద ఆడవాళ్ళను అలా పిలుస్తారు.

ఒక ఏడు వేసవిలో రానివాడు మంచు పడుతుండగా వచ్చాడు. వాళ్ళ ఊరి రాజు పోయాడట. అక్కడ రాజరికం కొన్ని ఇళ్ళ మధ్య వంతులవారీగా తిరుగుతుంది, ఈసారి వంతు వీళ్ళ తండ్రిగారి ఇంటిది. ఊరి పెద్దలు సోది అడిగించి ఈయన పేరు తేల్చారు. ఒప్పుకుంటే పార్టీ వదలాలి, పేరు కూడా వదలాలి, ఆ పేరు పెట్టి ఇక ఎవరూ పిలవరు. పూసల జాలరు మొహాన్ని కప్పేసే కిరీటం పెడతారు. రాజు నలుగురి ముందు తినకూడదు. ఎవరైనా సరే, మగవాళ్ళు సాష్టాంగపడాలి, ఆడవాళ్ళు మోకరిల్లాలి. ఇటు పార్టీవాళ్ళేమో మళ్ళీ నిలబడమని ఒత్తిడి చేస్తున్నారు. నాయకుడిగా ఉంటే సగం ఊరే నాది, రాజునైతే ఊరంతా నాది అని ఆయన మా అమ్మాయితో అన్నాడు. కానీ నన్ను పెంచిన అక్క వచ్చి మోకరిల్లకపోతే ఆ కిరీటం నాకొద్దని పెద్దలకు చెప్పి వచ్చానన్నాడు.

అక్క ససేమిరా అంది. ఈ వీపున మోసిన పిల్లవాడికి ఈ మోకాళ్ళు వంచనని, మూతి బిగించుకుని కూర్చుంది. ఆయన తిరుగు ప్రయాణం దగ్గర పడుతోంది, ఇద్దరి మధ్యా మాట లేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా అల్లుడు అయ్యప్ప మాల వేసుకున్నాడు. ఆ చలిలో చన్నీళ్ళ స్నానం, ఆఫీసుకు కూడా నల్ల చొక్కా. దీపాలు ఆర్పడనీ, కుళాయి సరిగా కట్టడనీ ఏడాది పొడుగునా నాతో చీవాట్లు తినే మనిషికి, మాలలో ఉన్నంతకాలం నేను పొద్దున్నే వంగి పాదాలకు దణ్ణం పెట్టి, స్వామీ, భిక్షకు రండి అనేదాన్ని. ఎదురింటి అక్క ఒకరోజు అది చూసింది. మా అమ్మాయిని అడిగి సంగతంతా తెలుసుకుని, నా దగ్గరకొచ్చి కూర్చుంది.

"మీవాడు మాల తీసేస్తాడు. మావాడు ఎప్పటికీ తియ్యడు" అంది.

ఆ మాటతో మా అల్లుడు మాల వేసుకునే ముందురోజు నేనేం చేశానో గుర్తొచ్చింది. మాలలో ఉన్న స్వామిని తిట్టకూడదు కాబట్టి, అన్నీ కలిపి ముందే తిట్టేశాను. అదే ఆవిడకు చెప్పించాను. "అయితే వాడు వెళ్ళేలోపు తిట్టాల్సినవన్నీ తిట్టెయ్యక్కా. తర్వాత కుదరదు" అన్నాను. ఆవిడ నవ్వలేదు. వాళ్ళ రాజును కబియేసి అని పిలుస్తారట, ఎవరూ ప్రశ్నించడానికి లేనివాడు అని దానికి అర్థం చెబుతారట. ఆ మాటొకటి తనలో తనే అనుకుంటూ వెళ్ళిపోయింది.

మర్నాడు మా వంటింట్లోనే జరిగింది. నేను సంగటి వండాను, ఆయన పీట మీద కూర్చున్నాడు, అక్క ఎదురుగా కూర్చుని ముద్ద విరిచి నోట్లో పెడుతూ మొదలుపెట్టింది. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి ఏటికి పోయిన దగ్గర్నుంచి, గెలిచాక నెలల తరబడి ఫోన్ చెయ్యకపోవడం దాకా, నీకు ఓటెయ్యని వీధికి బోరు ఎందుకు వెయ్యలేదు, నాన్న పోయినప్పుడు ఆలస్యంగా ఎందుకొచ్చావు అని ఒక్కొక్కటే అడిగింది. అది వాళ్ళ భాషలో సాగింది, తర్వాత మా అమ్మాయికి ఆవిడే చెప్పింది. సభలో మైకు వదలని మనిషి తల ఎత్తకుండా, పెట్టిన ముద్ద మింగుతూ అన్నిటికీ జవాబిచ్చాడు. బోరు సంగతికి మాత్రం జవాబివ్వలేకపోయాడు. పళ్ళెం ఖాళీ అయ్యాక ఆవిడ చెయ్యి కడుక్కుని, "పద. టికెట్ నాకూ తియ్యి" అంది ఇంగ్లీషులో, నాకు కూడా అర్థమయ్యేట్టుగా.

వెళ్ళింది, మోకరిల్లింది. తిరిగొచ్చాక నాకు చెప్పింది: పూసల వెనక మొహం కనపడలేదు, కాళ్ళు మాత్రం కనపడ్డాయి, చిన్నప్పుడు ముల్లు తీసిన బొటనవేలు చూసి వీడేలే అనుకున్నానంది. రాజయ్యాక ఆయన మొదట వేయించింది ఆ ఓటెయ్యని వీధికి బోరేనట. ఆవిడ బాధంతా భోజనం దగ్గర వచ్చింది. మూతపెట్టిన పళ్ళెం లోపలి గదిలోకి వెళుతుంది, తలుపు వేస్తారు. చూడకూడదన్నారు గానీ పక్కన ఉండకూడదని ఎవరూ అనలేదు కదా అని, ఆవిడ తన పళ్ళెం తెచ్చుకుని తలుపుకు ఇవతల నేల మీద కూర్చుని, ఆయన తినే వేళకే తినడం మొదలుపెట్టిందట. కొలువువాళ్ళు లేవమంటే లేవలేదట. ఉన్నన్నాళ్ళూ అలాగే తిని వచ్చింది.

ఇప్పుడు ఆవిడ టెక్సస్‌లో కొడుకు దగ్గర ఉంటోంది. ఆయన బొమ్మ ఉన్న సంచి ఒకటి ఇంకా నా దగ్గరుంది, రాజుకు పార్టీ గుర్తు ఉండకూడదని తిరగేసి కుట్టాను, అందులో రాగిపిండి పోస్తాను.

నిన్న నేను నా పళ్ళెం పట్టుకుని, నా మోకాళ్ళ సంగతి నాకు తెలిసీ, మెట్లెక్కాను. మనవరాలి తలుపు బయట కూర్చుని తింటుంటే, చెంచా చప్పుడు విని తలుపు తీసి, "అమ్మమ్మా, వాట్ ఆర్ యూ డూయింగ్? ఇక్కడ ఎందుకు కూర్చున్నావ్?" అంది. అన్నం తింటున్నానన్నాను. కాసేపు నిలబడి చూసి, మీటింగ్ అయిపోయాక కిందికి వస్తానంది. వచ్చేసరికి నేను తినడం అయిపోయింది. అయినా రేపూ ఎక్కుతాను, ఎల్లుండీ ఎక్కుతాను.

మా కాలంలో ఇల్లు ఇరుకు, పళ్ళాలు తక్కువ, ఒకరి మోచెయ్యి ఒకరికి తగలకుండా ముద్ద నోట్లోకి పోయేది కాదు. ఎంత విసుక్కునేవాళ్ళమో. ఒక రాజు ఒంటరిగా తినాల్సి వస్తుందని వాళ్ళక్క నా వంటింట్లో కళ్ళు తుడుచుకుంది. మా ఇంట్లో ఏ తలమీదా కిరీటం లేదు, తలుపులు మాత్రం అన్నీ వేసే ఉంటున్నాయి.