నోరు తెరిచిన కొక్కెం

నా చిన్నప్పుడు మేము సముద్రం అవతల, ఆంగ్ మో కియో అనే పేటలో ఎనిమిదో అంతస్తు ఫ్లాట్‌లో ఉండేవాళ్లం. నాకు తొమ్మిదేళ్లు, చెల్లెలికి నాలుగు నెలలు. మా ఇంట్లో ఉయ్యాలను ఎవరూ ఉయ్యాల అనేవారు కాదు. పక్కింటి మలయ్ ఆంటీ అన్నట్టే మేమూ ‘బువాయ్’ అనేవాళ్లం. హాలు పైకప్పుకు బిగించిన ఇనుప కడ్డీ, దానికి పచ్చరంగు వేసిన కొక్కెం, కొక్కేనికి ఒక లావుపాటి స్ప్రింగు, ఆ స్ప్రింగు చివర వేలాడే లుంగీలాంటి సరోంగ్ గుడ్డ. బువాయ్ అంటే అంతే. ఆ గుడ్డలోనే మా చెల్లెలు నిద్రపోయేది.

మా తాతయ్య ఓడరేవులో క్రేన్ల గొలుసులనూ కొక్కేలనూ తనిఖీ చేసే పని నుంచి రిటైరైన మనిషి. ఉద్యోగం ఆయనను వదిలింది గానీ ఆయన ఉద్యోగాన్ని వదలలేదు. ప్రతి సోమవారం ఆ పచ్చ కొక్కేన్ని దింపి, దాని నోటి వెడల్పును ఒక ఇత్తడి బిళ్లతో కొలిచేవారు. బిళ్ల బిగువుగా పట్టాలి. వదులుగా ఆడితే, కొక్కెం ఏదో బరువుకు ఓడి నోరు తెరిచిందని అర్థం. అటువంటి దానిని రేవులో ఆ పూటే పక్కన పడేసేవారట. ఈ క్రమమంతా నాకు కంఠస్థం. క్రమమంటే నాకు అప్పటికే మక్కువ. ఆ మక్కువే ఒకనాడు నాకు దొంగబుద్ధి నేర్పింది.

అది సెలవు రోజు, సోమవారం. తాతయ్య మార్కెట్టుకు వెళ్లారు. ఆయన వచ్చి కొక్కేన్ని తనిఖీ చేశాకే పాపకు మధ్యాహ్నపు నిద్ర. అమ్మ పాపను ఎత్తుకుని పక్కింటికి వెళ్లిన సమయం చూసి నేను బువాయ్‌లో కూర్చున్నాను. కూర్చుని ఊరుకోక, కాళ్లతో నేలను తన్ని ఎగిరాను. మూడోసారి పైన ఏదో కిర్రుమంది. దిగి చూస్తే, స్ప్రింగు తనకేమీ తెలియనట్టు యథాస్థితికి ముడుచుకుంది. కొక్కెం మాత్రం తెరిచిన నోరు మూయలేదు.

స్టూలు ఎక్కి దానిని దింపాను. ఇత్తడి బిళ్ల పెడితే లొడలొడమంది. కొక్కేన్ని వంటగది నేల మీద పెట్టి పచ్చడిబండతో కొట్టాను. కొట్టి కొలిచాను, కొలిచి మళ్లీ కొట్టాను. నాలుగోసారికి బిళ్ల బిగువుగా పట్టింది. కొక్కేన్ని తిరిగి తగిలించి, చేతులు కడుక్కుని, పుస్తకం ముందు కూర్చున్నాను. ఆయన కొలతతోనే ఆయనను నమ్మించే ఏర్పాటు పూర్తయింది.

తాతయ్య వచ్చారు. కొక్కేన్ని దింపారు. బిళ్ల పెట్టి చూసి “ఊఁ” అన్నారు. నా ప్రాణం కుదుటపడబోతుండగా ఆయన బొటనవేలు కొక్కెం వంపు మీదికి జరిగింది. వంపు లోపలి వైపు పచ్చరంగు పొలుసులుగా రేగి ఊడిపోయి ఉంది. ఇనుము సాగినంతగా రంగు సాగదని అప్పుడు నాకు తెలియదు. ఆయన నా వైపు చూడలేదు. కొక్కేన్ని తగిలించి, వంటగదిలోంచి పది కిలోల బియ్యం సంచి తెచ్చి సరోంగ్‌లో పడుకోబెట్టారు.

“ఊపమ్మా. నూరు ఊపులు. లెక్క తప్పకూడదు.”

నిద్రకు ఏడుస్తున్న పాపతో అమ్మ లోపలికి వచ్చింది. “ఇదేమిటి మావయ్యగారూ, బియ్యానికి జోలపాటా?”

“నీ కూతురు పాడుతుందిలే. కాస్త ఓపిక పట్టు.”

నేను ఊపసాగాను. ఒకటి, రెండు, మూడు. ప్రతి ఊపుకూ స్ప్రింగు సాగి ముడుచుకునేది. నా చూపు మాత్రం కొక్కేన్ని వదలలేదు. నలభై దాటేసరికి పాప గుక్కపట్టింది. తెగిపో, ఇప్పుడే తెగిపో, బియ్యం మీదే తెగిపో అని మనసులో వేడుకున్నాను. అది తెగలేదు. తొంభై తొమ్మిది. నూరు.

“నిలిచింది” అన్నారు తాతయ్య. “ఇక పాపను పడుకోబెట్టవచ్చునని అమ్మకు నువ్వే చెప్పు.”

అమ్మ నా మాట కోసం ఆగలేదు. “హమ్మయ్య” అంటూ ఒక చేత్తో బియ్యం సంచిని కిందికి లాగి, పాపను గుడ్డలోకి దించబోయింది.

“వద్దమ్మా!” అని అరిచాను. అరిచిన తర్వాత చూశాను: తాతయ్య చేయి అప్పటికే అమ్మకూ గుడ్డకూ మధ్య ఉంది.

ఆయన కోప్పడలేదు. మూడు ప్రశ్నలు అడిగారు. ఎంత బరువు పడింది? ఎన్నిసార్లు? తర్వాత ఏం చేశావు? మొదటి రెండింటికీ జవాబు చెప్పాను. మూడోదానికి పచ్చడిబండ వైపు చూపించగలిగాను, అంతే.

“బరువు మించితే ఇనుము వంగుతుంది. తన వల్ల కాదని మనతో అది చెప్పే మాట అదే. వంచినందుకు నిన్నేమీ అనను. చెప్పిన మాటను బండతో కొట్టి చెరిపేశావు చూడు, అది తప్పు.”

“అలాగే ఉంచితే విరిగిపోయేదా తాతయ్యా?”

“తెలియదు. పదేళ్లు నిలిచేదేమో, రేపే తెగేదేమో. పొద్దుటిదాకా దాని సంగతి నాకు తెలుసు. ఇప్పుడు తెలియదు. తెలియనిదాని కింద పిల్లను పడుకోబెట్టను.”

మరెవరూ చెత్తలోంచి ఏరుకుని వాడకుండా ఆయన ఆ కొక్కేన్ని రంపంతో రెండుగా కోశారు. ఒక చివర నన్ను పట్టుకోమన్నారు. కోస్తున్నంతసేపూ ఇనుము నా వేళ్లకు వేడిగా తగిలింది. ఆ మధ్యాహ్నం పాప అమ్మ ఒడిలో నిద్రపోయింది. కాళ్లు తిమ్మిరెక్కినా అమ్మ కదలలేదు. సాయంత్రం కొత్త కొక్కెం వచ్చాక పాపను బువాయ్‌లో నా చేతే పడుకోబెట్టించారు తాతయ్య.

తర్వాత నేను లెక్కల ఉపాధ్యాయురాలినయ్యాను. నా తరగతిలో రబ్బరుకు ప్రవేశం లేదు. తప్పు మీద ఒక గీత గీసి పక్కన ఒప్పు రాయాలి; తప్పు కనబడుతూనే ఉండాలి. “ఒక్క నంబరే కదా లా, మిస్!” అని, మాట చివర అక్కడి యాసలో ‘లా’ తగిలించి పిల్లలు సణిగేవారు. నేను లొంగలేదు. కారణమూ చెప్పలేదు, చెప్పి ఉండవలసింది.

చెల్లెలికి మాత్రం అంతా చెప్పాను. ఇప్పుడు తను అమ్మమ్మ. బిషాన్‌లో తన మనవడికి కట్టిన బువాయ్ మోటారుతో ఊగుతుంది గానీ, వేలాడేది కొక్కేనికే. వెళ్లిన ప్రతిసారీ స్టూలు ఎక్కుతాను. “అక్కా, మొన్న కొన్నదే లా, దిగు” అని నవ్వుతుంది. దిగుతాను. కానీ ముందు నా బొటనవేలు ఆ వంపు మీద, రంగు ఎక్కడైనా ఊడిందేమోనని, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకసారి వెళ్లి రావాలి.