యాడి కడిగిన వాల్వులు

తొర్రూరులో వరంగల్ రోడ్డు మీద మాది ముందు షెడ్డు, వెనక రెండు గదుల ఇల్లు. మధ్యలో ఒక రేకు తలుపు. తలుపుకు అవతల మా ఆయన ట్రాక్టర్ ఇంజన్లు విప్పుతుంటాడు, ఇవతల నేను జాకెట్లు కుడుతుంటాను. పెళ్లయిన కొత్తలో ఆ సుత్తి చప్పుడు భరించలేక రోజూ పోట్లాడేదాన్ని. ఇప్పుడు చప్పుడు ఆగితేనే ఏమైందోనని తలుపు తీసి చూస్తాను.

మా పుట్టిల్లు జఫర్‌గఢ్ దగ్గర ఒక పల్లె. మా ఆయనది తండా. నేను తొర్రూరులో డిగ్రీ చదివే రోజుల్లో మా బస్సు ఆయన షెడ్డు ముందే ఆగేది, మిగతాది మీరే ఊహించుకోండి. మా బాపు మాత్రం నా కోసం భూపాలపల్లి బొగ్గుబాయిలో ఉద్యోగం చేసే పిల్లగాణ్ని చూసి పెట్టుకున్నాడు. క్వార్టరు, నెల జీతం, పదిమందిలో చెప్పుకునే సంబంధం. నేను కాదని నాకు నచ్చినవాణ్ని చేసుకున్నాను. అంతే, నాలుగేళ్లు బాపు నా మొహం చూడలేదు. నన్ను కన్న అవ్వను కూడా ఫోన్ చేయనివ్వలేదు. తొర్రూరు మార్కెట్‌కు వడ్లు తెచ్చినా మా షెడ్డున్న రోడ్డు వదిలేసి చుట్టూ తిరిగి పోయేవాడట. నేను మొండిదాన్ని, ఆయన నాకంటే మొండివాడు. ఈ గుణం నాకు ఎక్కడి నుంచి వచ్చిందో వేరే చెప్పనక్కర్లేదు.

మా అత్తను నేను యాడి అంటాను. వాళ్ల భాషలో అమ్మ అని. కొడుకుతో వాళ్ల భాషలో, నాతో తెలుగులో మాట్లాడుతుంది. ఆమెకు లోకంలో ఉన్న ఒకే ఒక్క శత్రువు మసి. పొద్దున్నే చింతపండు, బూడిద ముందు పెట్టుకుని కూర్చుంటే ఇంట్లో ఉన్న ప్రతి గిన్నె మెరవాల్సిందే. ఆమె తోమిన చెంబులో చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చు. ఆమె చేతికి లొంగనివి ఈ ఇంట్లో కొడుకు గోళ్లు మాత్రమే.

ఒక వానాకాలం, నాట్లు మొదలయ్యే ముందు, బాపు ట్రాక్టర్ మా షెడ్డుకు వచ్చింది. ట్రాక్టర్ వచ్చింది గానీ బాపు రాలేదు, డ్రైవర్‌ను ఇచ్చి పంపాడు. పొద్దున్నే స్టార్ట్ కాదు, తెల్లపొగ వస్తుంది, బురద మడిలో దిగితే గుంజదు. అంతకుముందు వేరే ఊళ్లో ఒక షాపులో ఇంజన్ విప్పించి బాగు చేయించినా నెల తిరగకముందే మళ్లీ అదే కథ. ఇక ఎవరిని అడిగినా మా షెడ్డే చూపిస్తుంటే పాపం బాపు మాత్రం ఏం చేస్తాడు? డ్రైవర్ నన్ను చూసి తల దించుకున్నాడు.

"అక్కా, మీ బాపు గీడికే తోలుమన్నడు. నిన్ను మాత్రం పలకరియ్యొద్దన్నడు" అన్నాడు.

పలకరించకుండానే అంత మాట చెప్పేశాడు!

మా ఆయన ఆ ట్రాక్టర్ చుట్టూ రెండుసార్లు తిరిగి, చేతులు తుడుచుకుని, "నేను జిందగీల పరీచ్చ రాయక శానా ఏండ్లాయె. మళ్ల రాయాలె" అన్నాడు. నేను నవ్వాను. ఈ ట్రాక్టర్ బాగుపడితే బాపు మనసు కొంచెమైనా మెత్తబడుతుందేమోనని ఆశ. మళ్లీ పొగ కక్కిందో, ఇక ఈ జన్మకు ఆయన మా గడప తొక్కడు. తిన్నా, కుట్టినా, పడుకున్నా నాకు అదే ధ్యాస.

వాల్వుల పని గురించి నాకు తెలిసిందంతా అన్నం పెడుతూ విన్నదే. ఇంజన్ పైభాగాన్ని హెడ్ అంటారు. అందులో వాల్వులు లేస్తూ కూర్చుంటూ ఉంటాయి. వాల్వు కూర్చునే అంచు పేరు సీటు. అక్కడ గాలి జారకుండా గట్టిగా కూర్చుంటేనే ఇంజన్‌కు బలం. మొదటి షాపువాళ్లు సీట్లయితే నున్నగా రుద్దారు గానీ, పుట్టగొడుగు కాడలా ఉండే వాల్వు కాడ పైకీ కిందికీ ఆడే గొట్టం అరిగిపోయిందని చూడలేదు. కాడ లొడలొడలాడుతుంటే వాల్వు ఒక్కోసారి ఒక్కో పక్కకు ఒరిగి కూర్చుంటుంది. మా ఆయన ముందు ఆ గొట్టాలు మార్చాడు, తర్వాతే సీట్ల జోలికి పోయాడు. కట్టర్‌ను చేత్తో తిప్పుతూ, కొంచెం కోసి ఆగి, టార్చి వేసి చూసి, మళ్లీ కొంచెం కోస్తూ పోయాడు. ఎక్కువ కోస్తే వాల్వు లోతుకు దిగిపోతుందట, మళ్లీ పైకి తెచ్చే దారి ఉండదట.

ఆ తర్వాత నూరుడు. వాల్వు అంచుకు సన్నటి గరుకు పేస్టు పూసి, సీటు మీద పెట్టి, రబ్బరు కప్పు ఉన్న కర్రను దానికి అంటించి, రెండు అరచేతుల మధ్య కవ్వంలా తిప్పుతారు. మొదట్లో గరగరమంటుంది. పోనుపోను చప్పుడు మెత్తబడుతుంది. అలా నూరుకున్న వాల్వుకు ఆ సీటే జత. పక్క సీటు మీద పెడితే కుదురుగా కూర్చోదు. అందుకని మా ఆయన అట్టముక్కకు చిల్లులు పెట్టి, ఆరు వాల్వులనూ వరుస తప్పకుండా గుచ్చి, షెడ్డులో దుమ్ము పడుతుందని తెచ్చి ఇంటి వెనక అరుగు మీద పెట్టాడు.

మరునాడు పొద్దున డ్రైవర్ ఫోన్ చేశాడు. మడిలో నీళ్లు పెట్టారు, నారు ముదురుతోంది, బండి తీసుకుపోవడానికి బాపే స్వయంగా వస్తున్నాడు. మా ఆయన హెడ్ కింద వేసే గాస్కెట్ కోసం బజారుకు పోయాడు. నేను ముందు గదిలో కుడుతూ కూర్చున్నాను. కుడుతున్నానన్న మాటే గానీ దారం రెండుసార్లు తెగింది.

వియ్యంకుడు వస్తున్నాడన్న మాట యాడి చెవిన పడింది. నాలుగేళ్లలో మొదటిసారి. ఆమె వాకిలి ఊడ్చింది, చల్లింది, నీళ్ల బిందె తోమింది. తోముతూ తోముతూ అరుగు వైపు చూసింది. అక్కడ బూడిదరంగు జిడ్డుతో, నూనె మరకలతో వియ్యంకుడిగారి ట్రాక్టర్ సామాన్లు!

నేను మంచినీళ్లకని వెనక్కి పోయేసరికి పని పూర్తయింది. ఆరు వాల్వులూ చింతపండుతో తోమి, బూడిదతో రుద్ది, పాత చీరగుడ్డతో తుడిచి, స్టీలు పళ్లెంలో సర్ది పెట్టింది. పెద్దవి మూడూ ఒక పక్క, చిన్నవి మూడూ ఒక పక్క, పేరంటానికి తాంబూలం పెట్టినంత ముచ్చటగా.

ముక్కు మీద కోపం ఉన్నదాన్ని, గట్టిగానే అరిచాను. "ఏం పని చేసినవ్ యాడీ! ఏది ఏ సీటుదో ఇప్పుడు ఎట్ల తెలుస్తది?"

ఆమెకు నా కోపం అర్థం కాలేదు. "గంత మకిలిగ ఉంటే మీ బాపు ఏమనుకుంటడు బిడ్డా? ఇప్పుడు మంచిగ మెరుస్తున్నయ్ గదా" అంది.

అంతలో మా ఆయన వచ్చాడు. పళ్లెం చూశాడు, ఖాళీ అట్టముక్క చూశాడు, అరుగు మీద తల పట్టుకుని కూర్చున్నాడు. తిడతాడేమో అనుకున్నాను. కాసేపటికి వాళ్ల భాషలో ఏదో అన్నాడు, తల్లీకొడుకులిద్దరూ నవ్వారు. తర్వాత అడిగితే, ఇంత సాఫుగా కంపెనీవాళ్లు కూడా ఇవ్వరని అన్నాడట. ఈ మనిషిని చేసుకున్నందుకు నేను ఏనాడూ బాధపడలేదు, ఆరోజు మాత్రం కొంచెం గర్వపడ్డాను కూడా.

బాపు డ్రైవర్‌తో కలిసి ఆటో దిగి షెడ్డు చివర నిలబడ్డాడు. మీసం తెల్లబడింది. నా దిక్కు చూడలేదు.

"ఏమాయె మేస్త్రీ, బిగించినవా?"

"లేదు. వాల్వులు కలిసిపోయినయ్. మళ్ల నూరాలె. పొద్దుగూకుతది" అన్నాడు మా ఆయన.

"కలుసుడేంది?"

"నేనే సరిగ పెట్టలే. నాదే తప్పు."

బాపు మొహం గంటు పెట్టుకున్నాడు. "మడిల నీళ్లు వెట్టుకొని కూసున్న. ఏదో ఒకటి వెట్టి బిగియ్యరాదు? లోపట ఎవలు చూస్తరు?"

"పెడితే ఇయ్యాల నడుస్తది. నెలకు మళ్ల పొగ వస్తది. నేనైతే అట్ల బిగియ్య" అన్నాడు మా ఆయన. గొంతు పెంచలేదు గానీ చెవులు ఎర్రబడ్డాయి.

ఇక బాపు వెళ్లిపోతాడనే అనుకున్నాను. అప్పుడు రేకు తలుపు కిర్రుమంది. యాడి తల మీద కొంగు సర్దుకుని, పళ్లెం రెండు చేతులతో పట్టుకుని బయటికి వచ్చింది.

"అన్నా, వాడు అబద్ధమాడుతుండు. నేనే కడిగిన. మీరు వస్తున్నరని కడిగిన" అని పళ్లెం ఆయన ముందుకు చాపింది.

బాపు పళ్లెం చూశాడు. యాడిని చూశాడు. ముందు ఆయన భుజాలు కదిలాయి, తర్వాత పగలబడి నవ్వాడు.

"మా ఇంట్ల గూడ గిదే కత అక్కా! మొన్న మందు కొట్టే పంపు ముక్కును మా ఆమె బూడిద వెట్టి తోమింది. చిల్లు మూసుకపోయింది. చేన్ల కూసోని సూదితోని పొడుసుకుంట నేను పరేషానైన. ఉల్టా నన్నే తిట్టింది, మెరుపు చూడరాదా అని!"

ఆయన ఆ ముచ్చట యాడికి చెబుతున్నాడు. కానీ అందులో ఉన్నది మా అవ్వ. నాలుగేళ్లుగా మా అవ్వ ఎట్లుందో, ఏం చేస్తోందో నాకు చెప్పినవాళ్లు లేరు. నడుముకు చేయి పెట్టుకుని బాపును దబాయిస్తున్న అవ్వ నా కళ్లముందు నిలబడింది. నేను లోపలికి పోయి, మిషన్ మీద తల పెట్టుకుని, కరువుతీరా ఏడ్చాను.

బయటికి వచ్చేసరికి మా ఆయన మొదటి వాల్వు నూరడం మొదలుపెట్టాడు. బాపు కాసేపు కుర్చీలో కూర్చున్నాడు, కాసేపు లేచి తిరిగాడు. ఖాళీగా కూర్చోవడం ఆయన ఒంటికి పడదు.

"ఇంకో కర్ర లేదా?" అన్నాడు చివరికి.

ఇద్దరూ హెడ్‌కు చెరో పక్కన గొంతుక్కూర్చున్నారు. "ఒత్తొద్దు, తిప్పాలె. నడుమ నడుమ లేపి జర జరపాలె" అని మా ఆయన చెబుతుంటే, తాళ్లు పేనిన బాపు చేతులు బుద్ధిగా తిప్పుతూ పోయాయి.

మధ్యాహ్నం ఆ జిడ్డు బాపు చేతులకు వదల్లేదు. యాడి చింతపండు ముద్ద ఇచ్చి, చెంబుతో నీళ్లు పోసింది. నా పెళ్లప్పుడు, ఆ ఇంట్లో పచ్చి మంచినీళ్లు కూడా ముట్టనని ఊరందరి ముందూ అన్న మనిషి, చేతులు కడుక్కుని మా అరుగు మీద కూర్చుని జొన్నరొట్టె తిన్నాడు. మేమెవరమూ ఆ సంగతి గమనించనట్టే ఉన్నాం. రెండో రొట్టె వేస్తుంటే గోడ వైపు చూస్తూ, "తొక్కుల ఉప్పెక్కువైంది" అన్నాడు.

"కోడలే నూరింది అన్నా" అంది యాడి.

"తెలుస్తనే ఉన్నది" అన్నాడు బాపు, మళ్లీ గోడతోనే. తొక్కు మాత్రం మిగల్చలేదు.

నూరడం అయ్యాక పరీక్ష. హెడ్‌ను పక్కకు నిలబెట్టి, గాలి పోయే కంతల్లో కిరోసిన్ పోస్తారు. వాల్వు సరిగ్గా కూర్చుంటే అవతలి పక్క పొడిగా ఉంటుంది, లేదంటే తడి కనిపిస్తుంది. అందరం వంగి చూస్తున్నాం. ఐదు పొడిగా ఉన్నాయి. ఆరోది మెల్లగా చెమ్మగిల్లింది. అది బాపు నూరినది.

మా ఆయన గుడ్డ తీసుకుని తుడిచిన చేతులే మళ్లీ తుడుచుకున్నాడు. "ఒకటి జర చూడాలె" అన్నాడు ఆకాశం వైపు చూసి.

"ఏది?" అన్నాడు బాపు.

మా ఆయన మళ్లీ గుడ్డ అందుకున్నాడు. నాకు అంత ఓపిక ఎక్కడిది?

"నీదే బాపూ. కారుతున్నది" అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు.

"నాదేనా?"

"నీదే."

"నాలుగేండ్లకు నోరు తెరిచి, నాకు పని రాదని చెప్తున్నవా?" అన్నాడు. మీసాల కింద నవ్వు దాచుకోవడం ఆయనకు ఎప్పుడూ చేతకాదు. "ఇయ్యి గా కర్ర ఇటు" అని మళ్లీ కూర్చున్నాడు. ఈసారి ఎంత సేపు నూరాడంటే, చాలు చాలని మా ఆయనే బతిమాలాల్సి వచ్చింది. మళ్లీ కిరోసిన్ పోస్తే చుక్క కారలేదు. బాపు వేలితో తడిమి చూసి, ఆ వేలు డ్రైవర్‌కు కూడా చూపించాడు.

పొద్దు వాలే వేళకు హెడ్ బిగించారు. బాపు తానే ఎక్కి స్టార్ట్ చేశాడు. ఒక్క తిప్పుకే అందుకుంది. పొగ లేదు, ఇంజన్ చప్పుడులో తడబాటు లేదు. అందరూ పొగగొట్టం వైపు చూస్తున్నారు, నేను బాపును చూస్తున్నాను. ఆయన తల మెల్లగా ఊపుతున్నాడు.

డ్రైవర్ మడ్‌గార్డ్ మీద ఎక్కాడు. మా ఆయన బండి దగ్గరికి పోయి, ఇంజన్ చప్పుడుకు మించి గట్టిగా చెప్పాడు. "వారం దినాలు దున్నినంక హెడ్ బోల్టులు ఇంకొక్కసారి బిగియ్యాలె. మరిచిపోకుండ తోల్కరండ్రి."

"నేను తోల్కరాను" అన్నాడు బాపు.

నా ప్రాణం ఉసూరుమంది.

"నాట్లల్ల నాకు యాడ తీరుతది? నువ్వే రా."

"సరే, పొలం కాడికి వస్త" అన్నాడు మా ఆయన.

బాపు గేరు వేశాడు. బండి కదలలేదు, ఆయనే కదిలించలేదు.

"పొలం కాడ ఏమున్నది మేస్త్రీ? ఇంటికి రా. బిడ్డను గూడ తోల్కరా" అన్నాడు నన్నే చూస్తూ.

వారం ఆగాలన్నాడు మా ఆయన. మరునాడు పొద్దున్నే నేను స్పానర్ల సంచి సర్ది గుమ్మంలో పెట్టాను.