మీసం తీసేసిన రాక్షసుడు

రాక్షసులు ఎక్కడ పుడతారో మీకు తెలుసా? నాకు తెలుసు. తెలిసి ఊరుకున్నానా అంటే అదీ లేదు. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ విడమరిచి చెప్పేవాణ్ణి. ఆ చెప్పడం వల్లనే, దాదాపు ఖాయమైన నా పెళ్ళి భవానీపురంలో ఒక కొత్త ఇంటి గేటు ముందు, పట్టపగలు, నలుగురూ చూస్తుండగా గంగలో కలవబోయింది. గంగ దాకా పోనక్కర్లేదు లెండి, కృష్ణ అక్కడికి కూతవేటు దూరమే.

డెబ్భైల తొలి రోజులు. బెజవాడలో ఒక ట్యుటోరియల్ కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పేవాణ్ణి. నేను చెబుతుంటే పిల్లలు నిద్రపోయేవాళ్ళు. ఆ అవమానం మరిచిపోవడానికి సినిమాలకు పోయేవాణ్ణి. అందరూ కత్తి పట్టిన కథానాయకుణ్ణి చూస్తే, నేను గుహలోంచి పగలబడి నవ్వుతూ వచ్చే బానపొట్ట రాక్షసుణ్ణి చూసేవాణ్ణి. దానికి తోడు లైబ్రరీలో ఒక ఇంగ్లీషు పత్రిక దొరికింది. దేశదేశాల దయ్యాల మీద పెద్ద వ్యాసం. అందులో సగం నాకు అర్థమైంది. అర్థం కాని సగం నేనే కల్పించుకున్నాను.

మొత్తానికి తేలిన సిద్ధాంతం ఇది: ఏ జనానికి ఏ భయముంటే వాళ్ళకు ఆ రాక్షసుడు పుడతాడు. దొరలు చచ్చినవాణ్ణి పాతిపెడతారు కనుక వాళ్ళ సినిమాల్లో శవం సమాధిలోంచి లేచి వస్తుంది. మనం కాల్చేస్తాం కనుక మన దయ్యానికి ఒళ్ళుండదు, గాలిలో తేలుతుంది. కరువు చూసినవాళ్ళు ఊహించిన రాక్షసుడు బండెడు అన్నం తింటాడు. ఇక చదువుకున్నది ఎవరికీ చెప్పకుండా చచ్చిపోయినవాడు బ్రహ్మరాక్షసుడవుతాడంటారు. నాకు మాత్రం ఆ ప్రమాదం బొత్తిగా లేదు.

సరిగ్గా అప్పుడే రాజ్యంతో నాకు సంబంధం కుదిరింది. కుదిరింది అంటే, పెళ్ళిచూపుల్లో ఆ అమ్మాయి నన్ను చూసి నవ్వింది, నేను అప్పటికప్పుడే జీవితాంతం ఆ నవ్వు చూస్తూ బతకాలని తీర్మానించుకున్నాను. వాళ్ళ నాన్న వీరభద్రయ్యగారు వన్‌టౌన్‌లో చీరల వ్యాపారి. మనిషి మంచివారే గానీ, గుబురు కనుబొమలు, బుర్ర మీసాలు, గుడ్లురిమితే బేరమాడేవాళ్ళు చెప్పిన ధరకే కొనేసేవారు. ఆయన కూడా సరేనన్నారు. ఒక్క మెలిక మాత్రం పెట్టారు.

"మా అక్కయ్య ఊ అనాలయ్యా. గృహప్రవేశానికి పెడన నుంచి వస్తుంది. ఆవిడ కాదంటే మాత్రం నన్నేమీ అనుకోవద్దు."

భవానీపురంలో వాళ్ళు కడుతున్న కొత్త ఇంటికి దిష్టిబొమ్మ కావాల్సి వచ్చింది. చూసేవాళ్ళ కన్ను ఇంటి మీద కాకుండా దాని మీద పడాలని వేలాడదీసే రాక్షసుడి ముఖం అన్నమాట. బజారులో కొన్నది పంటినొప్పి వచ్చినవాడిలా ఉంది. ఆ రోజు వాళ్ళింట్లోనే భోంచేస్తున్నాను. ఊరుకోవచ్చుగా?

"నేను గీస్తానండీ" అన్నాను.

"నీకు బొమ్మలు కూడా వచ్చా?" అన్నారు వీరభద్రయ్యగారు.

"రాక్షసుడి ముఖానికి చెయ్యి కాదండీ, భయం కావాలి. గీసేవాడు ఎవరికి భయపడతాడో ఆ ముఖమే వస్తుంది. అదే దాని పుట్టుక."

"ఓహో!" అన్నారాయన, మీసం దువ్వుకుంటూ.

ఆ 'ఓహో' నా తలకెక్కింది. "అసలు సినిమాల్లో దయ్యానికి తెల్లచీర ఎందుకు కడతారో తెలుసాండీ?"

"తెలియకేం? చీకట్లో కనపడాలిగా! నల్లచీర కడితే ఇంక దయ్యం పెట్టీ ప్రయోజనమేముంది?"

"కాదండీ. మొగుడు పోయిన ఆడదానికి మనమే రంగు లేకుండా చేశాం. ఆవిడ లోపల ఏమనుకుంటోందోనని మనకు భయం. ఆ భయమే తెల్లచీర కట్టుకుని తెరమీద పాట పాడుతుంది!"

వీరభద్రయ్యగారు ముద్ద కలపడం ఆపేశారు. కాబోయే అత్తగారు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయి, చివరికి "ఇంకాస్త పులుసు పొయ్యనా బాబూ?" అన్నారు. చెయ్యి కడుక్కునే చోట రాజ్యం నాకు చెంబు అందిస్తూ మెల్లిగా అంది:

"పెడన నుంచి వచ్చే మా మాణిక్యమ్మత్తయ్య తెల్లచీరే కడుతుందండీ. చిన్నప్పటి నుంచీ."

కడుక్కున్న చెయ్యే మళ్ళీ కడుక్కున్నాను.

పోయిన పరువు బొమ్మతో నిలబెట్టుకోవాలని పంతం పట్టాను. పెద్ద రేకు కొని, రంగులు తెచ్చి, మా గదిలో కూర్చుని తన్మయత్వంతో గీశాను. ఎర్రటి ముఖం, ఉరిమే గుడ్లు, గుబురు కనుబొమలు, బుర్ర మీసం. నా బొమ్మను చూసి నాకే వణుకు పుట్టింది. గృహప్రవేశం ముందురోజు రంగులూ కుంచెతో సహా రిక్షాలో పెట్టుకుని తీసుకెళ్ళాను. వీరభద్రయ్యగారు అక్కగారిని తీసుకురావడానికి బస్టాండుకు వెళ్ళారట. తాపీమేస్త్రి నిచ్చెనెక్కి బొమ్మను గేటు పైన కట్టి, దిగి వచ్చి చూసి, చేతులు జోడించాడు.

"అచ్చం అయ్యగారేనండీ! ఆ గుడ్లురమడం మరీ బాగా కుదిరిందండీ!"

తలెత్తి చూశాను. నిజమే. రెండు కోరలు తప్ప మిగిలిందంతా వీరభద్రయ్యగారే. ఏ భోజనం దగ్గర నా సిద్ధాంతం చెప్పానో, అక్కడే కూర్చుని విన్న మనిషి! ఇంకాసేపట్లో రిక్షా దిగి చూస్తారు. చూసి, 'ఓహో' అంటారు. ఆ తర్వాత రాజ్యం ఎవరో, నేనెవరో.

ఏం జరిగిందా అని రాజ్యం బయటికి వచ్చింది. బొమ్మను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నవ్వకండీ! మన పెళ్ళి పోయేట్టుంది. ఇది దింపేస్తాను."

"శుభకార్యం ముందు కట్టిన దిష్టిబొమ్మను దింపుతారా? అమ్మ ఊరుకోదు."

"మరేం చెయ్యను?"

ఆమె బొమ్మను ఒకసారి పరీక్షగా చూసింది. "మీసం తీసేయండి" అంది.

ఎంత తెలివైన పిల్ల! నిచ్చెన మీదికి పరిగెత్తాను. ఎర్రరంగుతో ఆ మీసాన్ని పూర్తిగా కప్పేశాను. దిగి చూస్తే వీరభద్రయ్యగారి జాడ లేదు. నా ప్రాణం కుదుటపడింది. మేస్త్రిని కూడా అడిగాను.

"ఇప్పుడు అయ్యగారిలా లేదుగా?"

"లేదండీ" అన్నాడతను. ఇంకేదో అనబోయేంతలో రిక్షా వచ్చి ఆగింది.

ముందు వీరభద్రయ్యగారు దిగారు. వెనకాల తెల్లచీరలో ఒక పెద్దావిడ. ఉరిమే గుడ్లు, గుబురు కనుబొమలు, ఎర్రటి ముఖం. ఒకే తల్లి కడుపున పుట్టిన అక్కాతమ్ముళ్ళు ఒకే పోలికలో ఉంటారన్న చిన్న సంగతి ఏ ఇంగ్లీషు పత్రికా నాకు చెప్పలేదు. మీసం లేని వీరభద్రయ్యగారే మాణిక్యమ్మగారు.

ఆవిడ తలెత్తి గేటు మీదికి చూసింది. వీరభద్రయ్యగారు బొమ్మను చూశారు, అక్కను చూశారు, ఒక్కసారిగా దగ్గు తెరలో పడిపోయారు.

"ఎవరు గీశారు?" అంది ఆవిడ.

మేస్త్రి నావైపు చూశాడు. ఇసుక మోసే కూలీలు నావైపు చూశారు. నేను కూడా ఎవరైనా ఉన్నారేమోనని నా వెనక్కి చూశాను.

"నువ్వేనా, రాక్షసుల పుట్టుకలు చెప్పే అబ్బాయివి? రిక్షాలో తమ్ముడంతా చెప్పాడు. గీసేవాడు ఎవరికి భయపడితే ఆ ముఖమే వస్తుందన్నావట?"

"అది... ఇంగ్లీషు పత్రికలో రాశారండీ."

"నన్నెప్పుడైనా చూశావా?"

"లేదండీ."

"చూడకుండానే ఇంత భయమా?"

"పేరు విన్నానండీ."

ఆవిడ నా దగ్గరికి వచ్చింది. "తెల్లచీర సంగతి కూడా ఏదో చెప్పావట."

నేను చేతిలోని కుంచెను వెనక్కి దాచుకున్నాను.

"మా ఇంటి మగ్గాల మీద నేయని రంగు లేదు, అబ్బాయ్. పోగులు తోడి ఇచ్చినదాన్ని నేనే. ఊరందరికీ రంగులమ్మి నాకు మాత్రం తెల్లది చుట్టారు. ఎందుకురా అంటే ఆచారం అన్నారు. భయం అని ఇన్నాళ్ళకి నువ్వన్నావు."

ఆ గొంతులో కోపం లేదు. సిద్ధాంతమంటూ నోటికొచ్చినట్టు వాగినదానికి ఎదురుగా ఒక మనిషి నిలబడి ఉంటే ఎంత సిగ్గేస్తుందో అప్పుడు తెలిసింది. వీరభద్రయ్యగారి దగ్గు ఆగిపోయింది.

"బొమ్మ దింపించమంటావా అక్కయ్యా?" అన్నారు మెల్లిగా.

"ఎందుకూ? ఉండనీ. ఈ ఇంటికి దిష్టి తగలాలంటే నన్ను దాటి రావాలి. గృహప్రవేశం కాగానే పెళ్ళికి ముహూర్తం పెట్టించు. చూడకుండానే నాకింత భయపడేవాడు రేపు మన పిల్లని పన్నెత్తి ఒక మాటంటాడా?"

మా పెళ్ళికి మాణిక్యమ్మగారు నేరేడుపండు రంగు చీర కట్టుకుని వచ్చింది. కొట్లోంచి తమ్ముడే స్వయంగా ఎంచి తెచ్చారట. ఎందుకు కట్టావని అడిగే ధైర్యం ఒక్కరికీ లేకపోయింది.

పెళ్ళయ్యాక ఒకసారి రాజ్యాన్ని నిలదీశాను.

"మీసం తీస్తే మీ అత్తయ్య వస్తుందని నీకు తెలియదా?"

"తెలియకేం! నాన్నకి కోపమొస్తే విరుగుడు లేదు. అత్తయ్యకేమో తనంటే భయపడేవాళ్ళంటే ప్రాణం."

"ఆ ముక్క ముందే నాకు చెప్పొచ్చుగా?"

"చెబితే మీ ముఖంలో ఆ భయం వచ్చేదా?"

మొన్న మా మనవరాలు రంగు పెన్సిళ్ళు పట్టుకొచ్చి రాక్షసి బొమ్మ గీసిపెట్టమంది. సరదాగా గీశాను. కళ్ళజోడులోంచి సూటిగా చూసే కళ్ళు, బిగించిన ముడి, నడుం మీద చెయ్యి. "తాతయ్యా, ఇది అచ్చం అమ్మ..." అని అది మొదలుపెట్టేసరికి, వెనక నుంచి రాజ్యం గాజుల చప్పుడు వినిపించింది. అమ్మమ్మ అన్న మాట పూర్తయ్యేలోపల రాక్షసికి బుర్ర మీసం పెట్టేశాను.

కనుక పాఠక మహాశయులారా, కృష్ణమ్మ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ రాక్షసుడి పుట్టుపూర్వోత్తరాలూ ఎవరికీ చెప్పను. బొమ్మ గీయక తప్పకపోతే, ముందు మీసం గీసి, అది ఆరాక గానీ ముఖం గీయను.