రోడ్డు మధ్యలో రాజయ్య

గల్ఫ్‌లో మా ఊరి రాజయ్య పనిచేసే కంపెనీ మూతపడి మూడు నెలలైంది. ఊళ్ళో ఇల్లు వానకు కూలింది, ఇక్కడ కంపెనీ ఇచ్చిన గదీ పోయింది. కొత్త కంపెనీ కాగితాలు వచ్చేదాకా ఇండస్ట్రియల్ ఏరియాలో కూలీలుండే మా క్యాంపు, రోడ్డవతల కడపవాళ్ళ క్యాంపు కలిసి ఆయనకు చోటిస్తున్నాం. బదులుగా ఆయన వండిపెడతాడు. బయటివాళ్ళెవరైనా ఉంటున్నారా అని ఇక్కడ తనిఖీ అయితే అక్కడికి, అక్కడ తనిఖీ అయితే ఇక్కడికి పంపాలని మా ఒప్పందం.

ఈ సాయంత్రం రెండుచోట్లా ఒకేసారి తనిఖీ పడింది. మేం అటు పంపాం, వాళ్ళు ఇటు పంపారు. రాజయ్య పరుపు చంకన, వంటసామాను సంచీ భుజాన పెట్టుకుని మూడుసార్లు రోడ్డు దాటాడు. నాలుగోసారి, తనిఖీ చేస్తున్న మా క్యాంప్ బాస్‌కే ఎదురుపడ్డాడు. ఆయనది గుంటూరు.

“ఎవరయ్యా నువ్వు? ఏ రూము?”

“అదే తెలుస్తలేదు సారూ. అటు పోతే ఇటు పొమ్మంటున్రు, ఇటొస్తే అటు పొమ్మంటున్రు.”

ఇక రాజయ్య పని అయిపోయిందనుకున్నాం. బాస్ మాత్రం సంచీలోంచి బయటికి కనబడుతున్న గరిటెను చూస్తున్నాడు.

“మొన్న వీళ్ళు నాకు పంపిన పచ్చిపులుసు నువ్వు చేసిందేనా?”

“నేనే చేసిన సారూ.”

“అయితే నా రూముకు పద. అక్కడ తనిఖీ చేసేవాడెవడూ లేడు.”

రాజయ్యకు మంచం దొరికింది, ఏసీతో సహా. రెండు క్యాంపులవాళ్ళం కలిసి రాత్రి భోజనం ఖుబూస్ రొట్టెలు, ఆవకాయతో కానిచ్చాం. బాస్ దగ్గర్నుంచి వంటమనిషిని వెనక్కి ఎలా అడగాలో తెలిసినవాళ్ళు చెప్పండి.