మా పాత కారుకు ముత్యాల పైకప్పు

మొన్న మా పాత కారును ఇచ్చేసి కొత్తది తీసుకుందామని మావారు పట్టుబడితే, దాన్ని చూసి వెల కట్టడానికి షోరూము నుంచి ఒకాయన వచ్చాడు. బానెట్ ఎత్తి చూశాడు, టైర్లు తట్టాడు, చివరికి లోపల కూర్చుని తల పైకెత్తి, నవ్వు ఆపుకుంటూ ఫోనులో ఏదో కొట్టుకున్నాడు. ఏం రాశారని అడిగితే, లోపలి పైకప్పు గుడ్డ పాడైందని రాశానన్నాడు. పాడైందట! నాకు ఒళ్లు మండిపోయింది. పాడైన గుడ్డను బాగుచేసిందే నేను, దాని నిండా వరసలుగా మెరుస్తున్న ముత్యాల పిన్నులు ఒక్కొక్కటీ నా చేత్తో గుచ్చినవి. మావారు నా మొహం చూసి, ఆయన్ని గబగబా టీ తాగుదురుగాని రండంటూ పైకి తీసుకుపోయారు. నేను మాత్రం వెనక సీట్లో కాసేపు కూర్చుండిపోయాను. మన వయసువాళ్లకి ఇదొక జబ్బు కదా, ఒక వస్తువు చేయి దాటిపోతోందనగానే దాని కథ ఎవరికైనా చెప్పుకునేదాకా తోచదు.

మావారిది ఇక్కడ గుజరాత్‌లో, హజీరాలోని ఒక కర్మాగారంలో భద్రతా విభాగంలో ఉద్యోగం. మొదట్లో కంపెనీ టౌన్‌షిప్‌లోనే ఉండేవాళ్లం, ఈ కారు కొన్నదీ నేను నడపడం నేర్చుకున్నదీ అక్కడి ఖాళీ రోడ్ల మీదే. నేర్చుకున్నానన్న మాటే గానీ, ఆయన పక్క సీట్లో కూర్చుని లేని బ్రేకును కాలితో తొక్కుతూ, నేను గేరు మార్చినప్పుడల్లా తలుపు పట్టుకుంటూ ఉంటే, ఎవరికైనా ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది? ఊళ్లో, ఆల్థాన్‌లో ఫ్లాట్ కొనుక్కుని వచ్చేశాక ఆయన కంపెనీ బస్సులో వెళ్లేవారు, కారు సెలవు రోజుల్లో తప్ప కదిలేది కాదు, నా లైసెన్సు బీరువాలో పట్టుచీరల కింద పడి ఉండేది.

అలాంటి రోజుల్లో కరోనా వచ్చింది. అసలే భద్రతా విభాగం, పైగా చేతికి ఒక పంపు దొరికింది, ఇక మావారిని పట్టేదెవరు? పాల ప్యాకెట్ల మీద, చెప్పుల మీద, తలుపు గడియల మీద క్రిములు చంపే మందునీళ్లు కొట్టీ కొట్టీ, ఒకరోజు కారు మీద పడ్డారు. సీట్లు, స్టీరింగు అయ్యాక పైకప్పు గుడ్డను కూడా నీళ్లు కారేలా తడిపేసి, గాలి చొరబడకుండా అద్దాలన్నీ బిగించి, తృప్తిగా చేతులు కడుక్కున్నారు. మర్నాడే కంపెనీ నుంచి కబురు వచ్చింది. ఊళ్లో కేసులు పెరుగుతున్నాయి, ప్లాంటు ఆపడానికి వీల్లేదు, కాబట్టి ముఖ్యమైనవాళ్లంతా లోపలి గెస్ట్‌హౌసులోనే ఉండాలని. ఆయన పెట్టె సర్దుకుని వెళ్లారు, ఆ వెనకే వానలు వచ్చాయి, మూసిపెట్టిన కారు వారాల తరబడి ఆ తడితోనే ఉండిపోయింది.

మా పై అంతస్తులో ఒక గుజరాతీ పెద్దావిడ ఉండేవారు, అందరం ఆవిణ్ణి బా అనే, అంటే వాళ్ల భాషలో అమ్మ అనే పిలిచేవాళ్లం. బాకి మూత్రపిండాలు పనిచేయవు, వారానికి రెండుసార్లు డయాలసిస్ తప్పదు. ఇంట్లో తోడుండే కూతురు ప్రభుత్వాసుపత్రిలో నర్సు, కరోనా డ్యూటీ పడి అక్కడి హాస్టల్లోనే ఉండిపోవలసి వచ్చింది. ఆటోవాళ్లు ఆసుపత్రి అనగానే తల అడ్డంగా ఊపేవారు, అంబులెన్సు కోసం ఫోను చేస్తే ఎప్పుడు వస్తుందో చెప్పలేమనేవారు, కార్లున్నవాళ్లకేమో భయం. ఒక ఉదయం ఆవిడ ఫైలు పట్టుకుని మెట్ల మీద ఒంటరిగా కూర్చుని ఉండటం చూశాను. ఇక ఆలోచించలేదు, లోపలికి వెళ్లి పట్టుచీరల కింద నుంచి లైసెన్సు తీశాను.

కారు తలుపు తీయగానే గుప్పుమని బూజు కంపు. పైకప్పు గుడ్డ నిండా గోధుమరంగు చారలు, నల్లటి బూజు మచ్చలు, మధ్యలో జిగురు ఊడిపోయి గుడ్డ సంచిలా వేలాడుతూ ఉంది. టైము లేక అలాగే బయల్దేరాం. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని బా వెనక సీట్లోంచి అన్నారు, “దీక్‌రీ, బారీ ఖోల్. వాస్ ఆవే ఛే.” కిటికీ తియ్యమ్మాయ్, కంపు కొడుతోందని. తీస్తే వాన జల్లు, మూస్తే కంపు. వేలాడే గుడ్డ ఆవిడ జుట్టుకు తగులుతూనే ఉంది. ఆసుపత్రి చేరేసరికి ఆవిడకి దగ్గు తెర మొదలైంది, సరిగ్గా గేటు దగ్గర, జ్వరం చూసే మనిషి ముందు ఆగకుండా దగ్గారు. ఇంకేముంది, పక్కకి నిలబెట్టేశారు. ఆ దగ్గు కరోనాది కాదు బాబూ, మా కారుదని నేను ఎంత మొత్తుకున్నా వినేవాళ్లెవరు? ముక్కులోంచి నమూనా తీసుకుని, రిపోర్టు వచ్చాకే లోపలికి రానిస్తామన్నారు.

మర్నాడు ఏమీ లేదని తేలి, బతిమాలగా బతిమాలగా ఒక అంబులెన్సు వచ్చి తీసుకెళ్లేసరికి ఆవిడ కాళ్లు ఉబ్బిపోయి, ఆయాసంతో మాట కూడా రావడం లేదు. మళ్లీ ఇలా ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుందని డాక్టరు గట్టిగా చెప్పి పంపాడు. ఇల్లు చేరాక బా నా చెయ్యి పట్టుకుని, “రహేవా దే, దీక్‌రీ,” అన్నారు. వదిలేయ్, ఇక నేను వెళ్లనని. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఒక పెద్దావిడ ప్రాణం, కారులోని కంపు గుడ్డ దగ్గర ఆగిపోవడమా?

మావారికి ఫోను చేస్తే, అక్కడి నుంచే సలహా పారేశారు. “ఆ గుడ్డకి అంత ఆలోచనెందుకే, బక్కెట్టుడు సబ్బునీళ్లు కలిపి బ్రష్షుతో రుద్దెయ్యి.” వెనక మూల కాస్త రుద్ది చూశాను. గుడ్డ మెత్తగా ఊడి చేతికొచ్చింది, దాని వెనకున్న స్పాంజి శనగపిండిలా పొడై నా కళ్లలో పడింది. మళ్లీ ఫోను చేస్తే, పోనీ మొత్తం పీకెయ్యమన్నారు, పీకితే ఆ పొడంతా బా నెత్తినే రాలదూ? ఆయన సలహాలకి అక్కడితో దణ్ణం పెట్టేసి, కళ్లు కడుక్కుని, మెట్ల మీద కూర్చుని ఆలోచించాను.

పట్టుచీర మీద ఏదైనా ఒలికితే మనం బక్కెట్టులో ముంచుతామా? ముంచం. గుడ్డ నానకుండా మరకను తీసే ఓపిక మన చేతులకి ఎప్పటి నుంచో ఉంది. ఆ లెక్కనే మొదలుపెట్టాను. ముందు ఒక గుడ్డను వెనిగర్ కలిపిన నీళ్లలో ముంచి, బాగా పిండి, బూజు మచ్చల మీద మెల్లగా ఒత్తాను. తర్వాత గిన్నెలో కాస్త సబ్బు ద్రవం వేసి, మజ్జిగ కవ్వంతో చిలికి, పైకి తేలిన నురుగు మాత్రమే మెత్తటి నూలుగుడ్డతో తీసుకుని, ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే వైపుగా అద్దుతూ పోయాను. మధ్యలో ఆపితే అక్కడ చార పడుతుందని మొదటి వరసలోనే తెలిసింది, అందుకని ఒక వరస ఎత్తుకుంటే పూర్తయ్యేదాకా ఫోను మోగినా తీయలేదు. సీటు వెనక్కి వాల్చి వెల్లకిలా పడుకుని చేయాలి, మెడ పట్టేసింది, నురుగు చెవుల్లోకి కారింది, చేతులు పైకెత్తి ఉంచీ ఉంచీ భుజాలు మొద్దుబారిపోయాయి. ఒక్కో వరస అయ్యాక పొడిగుడ్డ అద్ది, తలుపులన్నీ తెరిచి, ఇంట్లోంచి వైరు లాగి టేబుల్ ఫ్యాను పెట్టాను. అదృష్టం, మధ్యాహ్నానికి వాన తెరిపిచ్చింది.

బా బాల్కనీలోంచి అంతా చూస్తూనే ఉన్నారు. చారలు పోయాయి, మచ్చలు పోయాయి, గుడ్డ మాత్రం ఇంకా వేలాడుతోందని నేను నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంటే, కూరగాయలు పైకి లాక్కోవడానికి అప్పట్లో అందరూ కట్టుకున్న తాడు సంచి ఆవిడ బాల్కనీలోంచి మెల్లగా దిగింది. అందులో ఒక డబ్బా నిండా ముత్యపు తలల పిన్నులు. వయసులో ఉన్నప్పుడు ఇంట్లోనే చీరలకి రాళ్లు, తళుకులు అంటించే పని చేసేవారట, అప్పటి సామాను. గుడ్డను పైకి ఒత్తిపట్టి, పిన్నును ఏటవాలుగా గుచ్చితే లోపలి అట్టలో గట్టిగా పట్టుకుంది. ఇక ఆగలేదు, వరసగా, చీర అంచుకి డిజైను వేసినట్టు, కప్పంతా గుచ్చుకుంటూ పోయాను.

మిగిలిన కాస్త వాసనకి ఒకటే మందు తెలుసు, కాఫీ పొడి. మా ఊరి నుంచి వచ్చిన ఫిల్టర్ కాఫీ పొడి, ఇక ఎప్పుడు దొరుకుతుందో తెలియక చెంచాలతో కొలుచుకుంటూ వాడుతున్న పొడి, డబ్బాడూ పళ్లెంలో పోసి కారులో పెట్టి తలుపులు మూశాను. ఆ తర్వాత చాలా రోజులు ఉదయాన్నే టీ తాగుతూ నన్ను నేనే తిట్టుకున్నాననుకోండి.

బాకి మళ్లీ డయాలసిస్ పడిన రోజున వాన కుండపోతగా కురిసింది. ఇక వెళ్లనన్న మనిషి, తనంతట తానే ఫైలు పట్టుకుని కిందికి దిగి వచ్చారు. అద్దాలన్నీ బిగించి బయల్దేరాం. ఆవిడ సీటుకి తల ఆనించి, పైకప్పు వంక చాలాసేపు చూసి, నవ్వుతూ “ఆ తో లగన్ నీ గాడీ లాగే ఛే” అన్నారు. పెళ్లి బండిలా ఉందట. దారి పొడవునా నా చెవులు వెనక సీటు మీదే, ఒక్క దగ్గు, కనీసం ఒక్క పొడిదగ్గు? లేదు. గేటు దగ్గర ఆ మనిషి జ్వరం చూసి, దగ్గుందా అని అడిగితే, బా మాస్కు వెనక నిండుగా ఊపిరి పీల్చి వదిలి, మహారాణిలా లోపలికి నడిచి వెళ్లారు. ఆనందం పట్టలేక స్టీరింగు మీద ఒక్క గుద్దు గుద్దాను, హారను మోగి ఆసుపత్రి వాళ్లంతా నా వంక చూశారు. చూడనివ్వండి అనుకున్నాను. నా జీవితంలో అంత గెలుపు ఇంకోటి లేదు.

ఆ వానాకాలమంతా, ఆ తర్వాతా ఆవిణ్ణి నేనే తీసుకెళ్లాను. సంగతి తెలిసి పక్క బ్లాకువాళ్లు కూడా అడగడం మొదలుపెట్టారు, ఎవరికి ఏ జబ్బో, ఎవరు ఏ రోజు ఏ డాక్టరు దగ్గరికి వెళ్లాలో అన్నీ నాకు నోటికి వచ్చేవి. మావారు తిరిగి వచ్చాక ఒకరోజు తాను నడుపుతానన్నారు గానీ, బా ఒప్పుకోలేదు, పాపం ఆయనే వెనక సీట్లో బుద్ధిగా కూర్చుని వచ్చారు. కూతురూ ఇంటికి వచ్చేసింది, బా ఆ తర్వాత కూడా చాలాకాలం మా మధ్యే ఉండి, కిందటేడు ఇంట్లోనే, కూతురి చేతుల్లో వెళ్లిపోయారు.

అప్పుడు అందరి మొహాలకీ మాస్కులే, అయినా కళ్లు చూసి ఎవరో చెప్పేసేదాన్ని. ఇప్పుడు మొహాలన్నీ కనిపిస్తున్నాయి, లిఫ్టులో పక్కన నిలబడ్డది ఏ అంతస్తువాళ్లో తెలియడం లేదు. నిన్న సాయంత్రం మా ఎదురు బ్లాకు ముందు అంబులెన్సు ఆగింది. ఎవరికి ఏమైందో అనుకుంటూ గబగబా కిందికి దిగాను, నేను గేటు చేరేసరికి అది వెళ్లిపోయింది. అక్కడున్న నలుగురినీ అడిగాను, ఎవరికీ తెలియదు. ఇంటికి తిరిగి వచ్చాక చూసుకుంటే, ఎప్పుడు తీసుకున్నానో, కారు తాళంచెవి నా చేతిలోనే ఉంది.