బేరానికి ముందే కొసరు

మా వైపు బేరం తెగాకే కొసరు. వంద కాయలు లెక్కపెట్టి బుట్టలో వేశాక, కొన్నవాడు కదలకుండా నిలబడితే పైన ఇంకో నాలుగు వేస్తాం. అడగకపోతే కొన్నవాడికి చేతకానట్టు, వెయ్యకపోతే అమ్మినవాడికి మర్యాద తెలియనట్టు. ఆగిరిపల్లి దగ్గర మామిడితోట ఉన్నవాణ్ణి, కొసరు సంగతి నాకంటే ఎవడికి తెలుసు అనుకునేవాణ్ణి. నన్ను ముంచింది ఆ తెలివే.

పోయినేడు చలికాలం మొదట్లో మోకాలినొప్పితో మంచమెక్కి, ఫోన్‌లో తోట పెంచే ఆట ఒకటి దించుకున్నాను. తెరవగానే యాభై వజ్రాలు ఊరికే ఇచ్చారు. పాపం మర్యాదస్తులు, కొసరు వేశారు అనుకున్నాను. అసలు బేరమే జరగలేదు కదా, కొసరెందుకు వేశారని ఒక్కసారైనా అనుమానం రాలేదు.

ఆ ఆట తయారుచేసిన పెద్దమనుషులకి మామిడిచెట్టు మొహం తెలియదు. అందులో ఇవాళ నాటితే రేపు కాస్తుంది. మనిషి బలహీనత మాత్రం బాగా తెలుసు. రూపాయలు అడిగితే చెయ్యి వెనక్కి వస్తుందని వజ్రాలు అడుగుతారు. ఎప్పుడు చూసినా నా దగ్గర రెండు వజ్రాలు తక్కువే. ఆ రెండూ విడిగా అమ్మరు, కొంటే మూట కొనాల్సిందే. "మీ పంట ఎండిపోతోంది!" అని గంటకోసారి ఫోన్ మోగేది. ఇంత సిగ్గుమాలిన వ్యాపారం నూజివీడు మార్కెట్‌లో కూడా చూడలేదు. పెద్ద చదువులు చదివి వీళ్లు నేర్చుకున్న విద్య ఇదన్నమాట.

నేనూ తక్కువ తినలేదు. మోకాలు తగ్గినా మంచం దిగలేదు.

పూత వచ్చిన రోజుల్లో మా ఆవిడ అడిగింది.

"తేనెమంచు పురుగు ఏమన్నా పట్టిందేమో చూశారా? మందు కొట్టించారా?"

"చూశాను. అన్నీ అయ్యాయి."

తోట గట్టు కూడా తొక్కలేదు. మందుకని దాచిన డబ్బు అప్పటికే వజ్రాలైపోయింది. మా ఇంటికి ఏడాది గడిచేది ఆ ఒక్క కాపు మీదే. అది తెలిసే అబద్ధమాడాను.

ఏటా పూత చూసి, కాయక ముందే మా తోట కాపు కొనే షావుకారు వచ్చాడు. మా ఆవిడతో కలిపి ముగ్గురం తోటలోకి వెళ్లాం. పూతకంకులు మసి పట్టి నల్లబడ్డాయి. ముట్టుకుంటే చేతికి జిగురంటింది. షావుకారు ఒక్క చెట్టు కింద నిలబడి పైకి చూశాడు, రెండో చెట్టు దగ్గరికి వెళ్లలేదు.

"ఈ ఏడు నా వల్ల కాదండీ, ఏమనుకోకండి" అని బండెక్కాడు.

సరిగ్గా అప్పుడే నా జేబులో ఫోన్ మోగింది. మా ఆవిడ చెయ్యి చాచింది. ఇచ్చాను. తెర మీద నా తోట విరగకాసి ఉంది. ఆమె ఫోన్ నా వైపు తిప్పింది.

"ఇది బాగా కాసిందండీ. షావుకారుగారు ఇంకా మలుపు దాటుండరు, పిలవండి. ఇదే అమ్మేద్దాం."

ఆ తోటలో కాయ కొనేవాడు ఈ లోకంలో లేడు. కొన్నవాణ్ణి నేనొక్కణ్ణే.