బాపు ఇచ్చిన శాంపిల్

మా బాపు బతుకంతా సాంచల మధ్యే గడిచింది. కరెంటు మగ్గాలను మా దిక్కు సాంచలంటారు. వాటి చప్పుడులో అరిస్తేనే మాట వినపడుతుంది కాబట్టి, ఇంట్లో ఆయన చెప్పే రహస్యాలు కూడా వాడ చివరిదాకా వినిపించేవి. ఆయన మూత్రంలో రక్తం పడుతోందన్న సంగతి కూతురినైన నాకంటే ముందు ఎదురింటివాళ్లకు తెలిసింది.

కరీంనగర్‌లో మూత్రసంచిలోని గడ్డను తీసేశారు. క్యాన్సరేనని తేలింది. మొండిగా తిరగబెడితే సంచినే తీసేయాల్సి రావచ్చని డాక్టరమ్మ చెప్పినప్పుడు, బాపు గొంతు మొదటిసారి మామూలు మనుషుల గొంతంత అయింది. నాకు భయమేసింది.

డాక్టరమ్మ ఒక పరీక్ష రాసింది. "పెద్దయ్యా, షెడ్డుల సాంచలన్నీ ఉన్నా కొన్నే నడుస్తయి గదా? మన ఒంట్ల జీన్స్ గూడ గంతే. నీ మూత్రంల పడే కణాలల్ల ఏవి జోరుగ నడుస్తున్నయో చూస్తే, రోగం తిరగబెడుతదా, ఊకుంటదా అనేది కొంత అందాజ దొరుకుతది. శాంపిల్ ఇయ్యాలె."

శాంపిల్ అనగానే బాపు ముఖం వెలిగింది. అది ఆయనకు బాగా తెలిసిన విద్య. సరుకు కొనే సేటుకు చూపించే శాంపిల్ గుడ్డకు మంచి నూలు ఏరి, పోగు తెగకుండా దగ్గరుండి నేసి, ఇస్త్రీ చేసి మరీ పట్టుకెళ్లేవాడు. ఆ తర్వాత పంపే తానుల్లో ఏముండేదో దేవుడికే ఎరుక.

"నీళ్లు ఎక్కువ తాగకుండ్రి, రోజూ ఉన్నట్టే ఉండుండ్రి" అని నర్సు చెప్పనే చెప్పింది. బయటికొచ్చాక బాపు, "గామెకేం తెలుసు శాంపిలంటే" అని కొట్టిపారేశాడు. ముందురోజు పొద్దటి నుంచే బార్లీ నీళ్లు, కొబ్బరిబోండాలు, సబ్జా గింజలు, పలుచటి మజ్జిగ. మర్నాడు కరీంనగర్ బస్సును ఆయన ఎన్నిచోట్ల ఆపించాడో ఆ కండక్టర్‌నే అడగాలి. పాపం, చివరికి కండక్టరే చెట్లు చూసి బస్సు ఆపడం మొదలుపెట్టాడు.

ఆస్పత్రిలో బాపు డబ్బాను కిటికీ వెలుగుకు ఎత్తి పట్టాడు. "సూడు బిడ్డా, ఒక్క మరక లేదు. అద్దమోలె ఉన్నది!" నర్సు ఒకసారి డబ్బాను, ఒకసారి మూలనున్న నీళ్ల నల్లాను చూసింది.

మూత్రం మరీ పలచబడి కణాలు చాలలేదని, మళ్లీ ఇవ్వాలని ల్యాబ్ నుంచి కబురొచ్చింది. "ఏం తాగినవ్ పెద్దయ్యా?" అంది డాక్టరమ్మ.

"శాంపిల్ గదమ్మా, మంచిది తెచ్చిన."

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. పక్కనే ఉన్న మా అవ్వ, అదే మా అమ్మ, మాత్రం నవ్వలేదు. "ఈడ సేటు లేడు. నీకేమన్నయితే నా బతుకేంగావాలె?" అని అందరి ముందే కడిగేసింది.

తిరుగు బస్సులో బాపు కిటికీలోంచి చూస్తూ మెల్లగా అన్నాడు. "తెల్వక జేసిననుకుంటున్నవా బిడ్డా? ఉన్నదున్నట్టు ఇస్తే ఏం బయటవడుతదో అని గుబులైంది." నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

రెండోసారి బుద్ధిగా ఉన్నదున్నట్టే ఇచ్చాడు. వెలుగుకు ఎత్తి చూడలేదు సరికదా, డబ్బా వైపే చూడలేదు.

ఫలితం చెప్పే రోజు అవ్వ బయట బెంచీ మీదే కూర్చుండిపోయింది. లోపలికి రావడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. డాక్టరమ్మ కాగితాలన్నీ చూసి, రోగాన్ని తిరగబెట్టించే జీన్స్ జోరు మీద లేవని, మిగతా పరీక్షలు కూడా బాగానే ఉన్నాయని చెప్పింది. "ఇప్పటికైతే సంచి తీసుడు లేదు పెద్దయ్యా. చెకప్‌లకు మాత్రం తప్పకుండ రావాలె."

బాపు లేచాడు. తలుపు దాకా వెళ్లి, సాంచలన్నీ నడుస్తున్నంత గట్టిగా అరిచాడు. "ఏమే! నా సంచి నాకే ఉంటదట!"

వరండా అంతా ఇటు తిరిగింది. పెళ్లయిన నాటి నుంచి మెల్లగ మాట్లాడమని ఆయనను పోరుతున్న అవ్వ, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ అంది.

"ఇనవడలే. మల్లొక్కసారి చెప్పు."